చెంచు గూడేల్లో ఆరోగ్య పరిశోధన: అనుమతి పత్రాలు చాలునా, గూడేనికీ అందులో మాట ఉండాలా?

ప్రశ్న: పీజీ విద్యార్థిని, కర్నూలు

నేను కర్నూలులో సామాజిక వైద్య విభాగంలో పీజీ చేస్తున్నాను. నల్లమల చెంచు గూడేల్లో 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఎంత శాతం ఉందో కొలవాలని మా గైడ్ గారు సూచించగా, దానినే థీసిస్ అంశంగా తీసుకున్నాను. నైతిక సమీక్షా సంఘానికి దరఖాస్తు పెట్టే ముందు, ఆత్మకూరు వైపు అడవి అంచున ఉన్న కొన్ని గూడేలకు ఆశా కార్యకర్తతో కలిసి వెళ్లాను. ఎవరూ వద్దనలేదు. అయితే ఒక పెద్దాయన, "ముందు వచ్చినోళ్లు గూడా రక్తం తీసుకోని పోయినారు, ఏం తేలిందో ఒక్కరూ వచ్చి చెప్పలేదు" అన్నారు. స్త్రీలతో కూర్చున్నప్పుడు రక్తహీనత మాటను నేను ఎత్తితే తప్ప వారు ఎత్తలేదు. రాత్రిపూట నొప్పులు మొదలైతే బండి దొరకదని, ఐరన్ మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతుందని, ఆసుపత్రిలో తమతో మాట్లాడే తీరు బాగుండదని, వారు చెప్పినదంతా ఇదే.

శ్రీశైలం ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) అనుమతి, సమీక్షా సంఘం ఆమోదం, ఒక్కొక్కరి సంతకం ఉంటే ఇక అడ్డేమీ ఉండదని గైడ్ గారు అంటున్నారు. ఆయన మాటలో తప్పు పట్టలేను. కానీ కెనడా, ఆస్ట్రేలియాలలో ఆదివాసీ సమాజాలే ఆరోగ్య పరిశోధనకు అంశాన్ని ఎంచుకుని, ఎలా చేయాలో నిర్ణయించి, వచ్చిన సమాచారాన్ని తమ అధీనంలో ఉంచుకుంటున్న సంగతి చదివినప్పటి నుంచి నా ప్రణాళిక మీద నాకే అనుమానంగా ఉంది. పీజీ గడువులో, మన జిల్లాల్లో, అలాంటిది కొంతైనా సాధ్యమవుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ ప్రాంతంలో పనిచేసినవారు చెబితే మేలు.

సమాధానం: సామాజిక వైద్య ఆచార్యుడు, అనంతపురం

అమ్మా, మీ గైడ్ గారు చెప్పినవన్నీ అవసరమే, కానీ ఆ జాబితా పూర్తి కాదు. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధనా మండలి) జాతీయ నైతిక మార్గదర్శకాలలో గిరిజన జనాభాకు విడిగా కొన్ని నిబంధనలు ఉన్నాయి. అక్కడ చేసే పరిశోధన ఆ ప్రజలకు చికిత్స, రోగ నిర్ధారణ, నివారణ రూపంలో తగిన ప్రయోజనం ఇచ్చేదై ఉండాలి. గిరిజన సంక్షేమ కమిషనరు, కలెక్టరు వంటి అధికారుల అనుమతితో పాటు, పంచాయతీ వ్యవస్థ లేనిచోట ఆ సమాజం అంగీకరించే పెద్దమనిషి అనుమతి కూడా తీసుకోవాలి. పెద్దలు సరేనన్నా ఒక్కొక్క వ్యక్తి సమ్మతి విడిగా తీసుకోవాల్సిందే. గిరిజనుల సంప్రదాయ జ్ఞానం వ్యాపార లాభానికి దారితీస్తే అందులో వారికి వాటా ఉండాలి. మొదటి నిబంధననే చాలా థీసిస్‌లు దాటవేస్తాయి. మీ కొలత వల్ల ఆ గూడేనికి ఏమి ఒరుగుతుందని సమీక్షా సంఘం అడిగితే, "విధాన రూపకల్పనకు తోడ్పడుతుంది" అనే వాక్యం సమాధానం కాదు.

సంతకాల గురించి ఒక సంగతి తెలుగువాళ్లమైన మనం మరవకూడదు. 2009లో అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం పరిసర మండలాలతో కలిపి, 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు నడిచింది. అందులో చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉండే పిల్లలు. మరణాల వార్తలు రావడంతో 2010లో దానిని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణ కమిటీ తేల్చలేదు. కానీ తల్లిదండ్రుల స్థానంలో హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన సమ్మతి పత్రాలు వేల సంఖ్యలో బయటపడ్డాయి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ తీరును ఘాటుగా తప్పుపట్టింది. కాగితం ప్రకారం అక్కడా అన్నీ ఉన్నాయి.

ఇక మీ అంశం విషయానికి వస్తాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. గూడేల్లోనూ ఎక్కువగానే ఉంటుందని కొలవకముందే అందరికీ తెలుసు. ఆ శాతాన్ని మరొకసారి లెక్కగట్టి కనుగొనేది స్వల్పం. తెలియనిది దాని వెనుక ఉన్న కారణం. అది ఇనుము లోపమా, కొంకిపురుగులా, మలేరియానా, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వ్యాధి) వంటి వంశపారంపర్య సమస్యా? మాత్రలు చేతికి అందినా ఎందుకు మింగడం లేదు? ఈ చివరి ప్రశ్నను గూడెం స్త్రీలే మీకు అడగకుండానే అందించారు. కడుపులో తిప్పుతుందని వారు చెప్పిన మాట మీ థీసిస్‌కు అసలైన ప్రవేశద్వారం. ఆ ప్రశ్నను తీసుకుంటే మీ విభాగపు నియమాలకూ భంగం రాదు, గూడేనికీ పనికి వస్తుంది.

ఇంకొకటి. హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి గర్భిణి కాని స్త్రీలో 8 గ్రాముల లోపు, గర్భిణిలో 7 గ్రాముల లోపు ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం అది తీవ్ర రక్తహీనత. అలాంటి ఫలితాన్ని పట్టికలో రాసుకుని ఇంటికి రాకూడదు. ఆమెను ఏ ఆసుపత్రికి, ఏ బండిలో, ఎవరి ఖర్చుతో తీసుకువెళ్తారో మొదటి రక్తపు చుక్క తీయకముందే ప్రణాళికలో రాసి ఉండాలి.

సమాధానం: గూడెం నుంచి చదువుకున్నవాడు, ఆత్మకూరు

అక్కా, మీరు అడిగిన తీరు బాగుంది కాబట్టి రాస్తున్నాను. నేను చెంచువాడిని, డిగ్రీ చదివి ఒక స్వచ్ఛంద సంస్థలో పని చేస్తున్నాను.

మమ్మల్ని లెక్కపెట్టని ఏడాది లేదు. ప్రత్యేకించి బలహీనమైన గిరిజన సమూహం అనే జాబితాలో మేము ఉన్నందువల్ల ప్రతి కొత్త పథకమూ మా గూడెంలో సర్వేతోనే మొదలవుతుంది. 2023 నవంబరులో మా వంటి సమూహాల కోసం కేంద్రం తెచ్చిన పీఎం జన్‌మన్ పథకం మొదలైనప్పుడూ అంతే, అదే ఏడాది సికిల్ సెల్ మిషన్ మొదలైనప్పుడూ అంతే. సర్వే మీద మాకు కోపం లేదు. వచ్చినవాళ్లు ఫలితం చెప్పడానికి తిరిగి రాకపోవడం మీదే మా కోపమంతా. రక్తం ఇచ్చిన మనిషికి తన రక్తంలో ఏముందో తెలుసుకునే హక్కు ఉంది, అది థీసిస్ పూర్తయ్యాక కాదు, ఆ వారంలోనే.

పెద్దమనిషి సరే అన్నంత మాత్రాన గూడెం సరే అన్నట్టు అనుకోవద్దు. ఐటీడీఏ నుంచి జీపు వస్తే ఆయన కాదనలేడు. రేపు రేషన్ కార్డుకో ఇంటి మంజూరుకో ఆ ఆఫీసుకే వెళ్లాలి. ఆశా కార్యకర్తను వెంట తీసుకుపోవడం కూడా అలాంటిదే. ఆమె మంచిదే కావచ్చు, కానీ ఆమె ముందు ఆసుపత్రి గురించి ఆడవాళ్లు పూర్తిగా మాట్లాడరు. ఆమె ఉండగానే మీతో ఇన్ని విషయాలు చెప్పారంటే, చెప్పనివి ఇంకా ఉన్నాయని అర్థం. కాబట్టి రెండోసారి ఆడవాళ్లను విడిగా కలవండి, వద్దు అనడానికి వీలు కల్పించి అడగండి. ఒక గూడెం వద్దంటే ఆ గూడేన్ని వదిలేయండి, ఎందుకు వద్దన్నారని ఆఫీసులో రాయకండి.

చాలామంది డాక్టర్లు మాతో మాట్లాడటానికి దుబాసీ కావాలనుకుంటారు. మా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. మీకు కావలసింది ఓపిక. అడవిలోకి తేనెకు, జిగురుకు, చింతపండుకు వెళ్లే రోజుల్లో పగలు గూడెంలో ముసలివాళ్లూ పిల్లలే ఉంటారు. ఆ రోజుల్లో వచ్చి "స్పందన తక్కువ" అని రాయడం న్యాయం కాదు. శివరాత్రి ముందు శ్రీశైలం దారంతా యాత్రికులతో నిండి ఉన్నప్పుడు కూడా రాకండి. మీ కోసం సగం రోజు కూర్చునే మనిషికి ఆ పూట కూలి పోతుంది. దానికి తగిన మొత్తం మీ బడ్జెట్‌లో ఉండాలి, బిస్కెట్ ప్యాకెట్ కాదు.

పదో తరగతి, ఇంటర్ చదివిన ఆడపిల్లలు ఇప్పుడు గూడేల్లో ఉన్నారు. ప్రశ్నావళిని ముందు వాళ్ల చేత చదివించండి. ఏ ప్రశ్న సిగ్గు కలిగిస్తుందో, ఏ ప్రశ్నకు అబద్ధమే సమాధానంగా వస్తుందో వాళ్లు చెప్పగలరు. వాళ్లలో ఇద్దరు ముగ్గురిని జీతమిచ్చి మీతో తిప్పుకుంటే, మీ పుస్తకంలో చివరి పేజీలో కృతజ్ఞతలు చెప్పి వదిలేయకుండా పరిశోధకుల పేర్ల వరుసలోనే వాళ్ల పేర్లు రాయండి.

సమాధానం: న్యాయవాది, కడప

పై మిత్రుడు చెప్పిన గ్రామ అంగీకారానికి చట్టంలో ఏ ఆధారం ఉందో చూద్దాం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. గిరిజన ప్రాంతాల గ్రామసభలకు ప్రత్యేక అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం, రాజ్యాంగపు ఐదో షెడ్యూలు కింద ప్రకటించిన గిరిజన ప్రాంతాలకే వర్తిస్తుంది. మన రాష్ట్రంలో ఆ ప్రాంతాలు శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల వరకు ఉన్న మన్యంలో ఉన్నాయి. కర్నూలు, నంద్యాల వైపు నల్లమల గూడేలు వాటిలో లేవు. అందువల్ల పాడేరులోని గ్రామసభకు ఉన్న బలం ఆత్మకూరు చెంచు గూడేనికి పెసా ద్వారా రాదు. పైగా చాలా గూడేలు పెద్ద పంచాయతీలలో చిన్న భాగం కావడంతో, పంచాయతీ తీర్మానం తీసుకున్నా అది చెంచుల మాట కాకపోవచ్చు. అనంతపురం వైపు సుగాలి తండాలలో పరిశోధన చేసేవారికీ ఇదే చిక్కు ఎదురవుతుంది.

అయితే 2006 నాటి అటవీ హక్కుల చట్టం షెడ్యూలు ప్రాంతాలకే పరిమితం కాదు. ఆ చట్టం కింద గూడెం స్థాయిలో గ్రామసభ, అటవీ హక్కుల కమిటీ ఉండే వీలుంది. సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యానికీ సంస్కృతికీ సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద, మేధోసంపత్తి మీద ఆ సమాజానికి సామూహిక హక్కు ఇస్తుంది. మీ ప్రశ్నావళిలో "రక్తం పట్టడానికి ఏ ఆకు, ఏ వేరు వాడతారు" అనే ప్రశ్న ఒక్కటి చేరినా మీరు ఈ సెక్షన్ పరిధిలోకి వస్తారు. అవసరం లేకపోతే ఆ ప్రశ్న తీసేయండి. అవసరమైతే, కేరళలో కాణి తెగవారు చూపిన ఆరోగ్యపచ్చ మొక్క నుంచి జీవని అనే మందు వచ్చినప్పుడు, లైసెన్సు రుసుములోనూ రాయల్టీలోనూ సగం వారికి చేరేలా ఒప్పందం చేసుకోవలసి వచ్చిన ఉదంతం చదవండి. అందులోనూ తగాదాలు లేకపోలేదు, కానీ వాటా అనేది మాటల్లో మిగిలిపోకుండా డబ్బు రూపంలో చేరింది.

రక్తం విషయంలో నా సలహా గట్టిది. అమెరికాలో గ్రాండ్ కాన్యన్‌లో నివసించే హవసుపాయి తెగవారు మధుమేహం కారణం తెలుసుకోవాలనే ఆశతో 1990 ప్రాంతంలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి రక్తం ఇచ్చారు. ఆ నమూనాలను తరవాత మానసిక వ్యాధుల మీద, తెగ వలస మూలాల మీద పరిశోధనలకు వారికి తెలియకుండా వాడారు. కేసు నడిచి, 2010లో విశ్వవిద్యాలయం 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తాన్ని తిరిగి ఇచ్చేసింది. కాబట్టి మీ సమ్మతి పత్రంలో మిగిలిన నమూనాను ఎన్ని రోజులు ఉంచుతారు, ఎప్పుడు పారవేస్తారు, వేరే పరీక్షకు వాడాలంటే మళ్లీ ఎవరిని అడుగుతారు అనేవి స్పష్టంగా ఉండాలి. "భవిష్యత్ పరిశోధనలకు" అనే రెండు పదాలు పత్రంలో కనిపిస్తే కొట్టివేయించండి.

సమాధానం: గణాంక నిపుణుడు, కర్నూలు

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి నేను కొంచెం ఎదురు చెబుతాను. పీజీ విద్యార్థి థీసిస్‌ను "సమాజమే నడిపిన పరిశోధన" అని పిలవడం నాకు సమ్మతం కాదు. కెనడాలో మాంట్రియల్ దగ్గర కానవాకే అనే మొహాక్ సమాజం 1994లో తమ బడి పిల్లల కోసం మధుమేహ నివారణ ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు, సమాజపు సలహా మండలి ఒకటి ఏర్పడి, పరిశోధకులూ సమాజమూ కలిసి నైతిక నియమావళి రాసుకున్నారు. ఫలితాలు ముందు సమాజానికే చేరాలని, అర్థం చెప్పుకోవడంలో తేడా వస్తే రెండు వాదనలూ ప్రచురించాలని అందులో ఉంది. అదంతా ఏళ్ల తరబడి నిలిచిన సంస్థలు ఉన్నచోట సాధ్యమైంది. అక్కడి ఫస్ట్ నేషన్స్ ప్రజలు 1998 నుంచి చెప్పుకుంటున్న నాలుగు సూత్రాలు, అంటే సమాచారం మీద యాజమాన్యం, నియంత్రణ, అందుబాటు, స్వాధీనం, అమలు కావాలంటే ఆ సమాచారాన్ని దాచుకుని నిర్వహించే ఒక వ్యవస్థ వారి చేతిలో ఉండాలి. ఆత్మకూరు గూడెంలో ఆ కంప్యూటరు ఎవరి ఇంట్లో పెడతారు?

మన దేశంలో తరచూ చెప్పే ఉదాహరణనూ జాగ్రత్తగానే చదవాలి. జార్ఖండ్, ఒడిశాలలోని ఆదివాసీ ప్రాబల్య జిల్లాల్లో ఏక్‌జుట్ సంస్థ స్త్రీల బృందాలను నెలనెలా కూర్చోబెట్టి, కాన్పు సమస్యలను వారి చేతనే గుర్తింపజేసి, పరిష్కారాలను వారి చేతనే అమలు చేయించింది. 2010లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆ బృందాలు నడిచిన చోట మూడేళ్లలో నవజాత శిశు మరణాలు 32 శాతం తక్కువగా నమోదయ్యాయి. గొప్ప ఫలితమే. కానీ ఏ గ్రామాల సమూహంలో బృందాలు నడపాలి, దేన్ని కొలవాలి అనేవి పరిశోధకులే నిర్ణయించారు. స్త్రీల చేతిలో ఉన్నది పరిష్కారం. అంత మాత్రమే ఉన్నా ప్రాణాలు నిలిచాయి. అందుకే మీరు సగం చేస్తే సగమే చేశామని రాయండి. అది తక్కువ పనేమీ కాదు.

నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. గూడేలు చిన్నవి. ఉమ్మడి రాష్ట్రంలో 2011 జనాభా లెక్కల ప్రకారం చెంచులందరూ కలిపి సుమారు 64 వేల మంది. ఒక్కో గూడెంలో కొద్ది ఇళ్లే. "ఫలానా గూడెం, 20–24 ఏళ్లు, గర్భిణి, తీవ్ర రక్తహీనత: 1" అని పట్టికలో వేస్తే ఆమె పేరు రాసినట్టే. సికిల్ సెల్ వాహకుల (తమకు జబ్బు లేకున్నా పిల్లలకు అందించగలవారి) విషయంలో అది పెళ్లి సంబంధాల దాకా పోతుంది. గూడేల పేర్లు రాయకుండా, చిన్న గడులను కలిపేసి, వయసు వర్గాలను పెద్దవి చేసి పట్టికలు వేయండి. గూడేనికి చెప్పేటప్పుడు కూడా వ్యక్తిగత ఫలితం వ్యక్తికే, చెవిలో. మొత్తం లెక్క మాత్రమే సభలో.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. గైడ్ గారితో మాట్లాడాను. రక్తహీనత అంశం అలాగే ఉంటుంది, కానీ ప్రధాన ప్రశ్న "ఎంత శాతం" నుంచి "మాత్రలు అందిన స్త్రీలు వాటిని ఎందుకు ఆపేస్తున్నారు" అనే దానికి మారుతుంది. హిమోగ్లోబిన్ కొలత ఉంటుంది, ఫలితం అక్కడే చెబుతాము, నమూనా నిల్వ ఉండదు. శీర్షికలో సమాజం నడిపిన అనే మాట వాడను. ఒక సందేహం మిగిలింది. గూడెం స్త్రీలతో మాట్లాడి ప్రశ్నావళి మార్చాలంటే సమీక్షా సంఘం ఆమోదానికి ముందే వారిని కలవాలి. ఆమోదం లేకుండా కలిస్తే అది ఉల్లంఘన అవుతుందేమోనని గైడ్ గారు భయపడుతున్నారు.

సమాధానం: సామాజిక వైద్య ఆచార్యుడు, అనంతపురం

ఆ భయం సహజం, దారి కూడా ఉంది. ఎవరి వ్యక్తిగత సమాచారమూ సేకరించకుండా, రక్తం తీయకుండా, రికార్డు చేయకుండా, ప్రణాళిక గురించి సలహా అడగడాన్ని సమాజంతో సంప్రదింపు అంటారు. అది పరిశోధన కాదు. అయినా మీ మీద మాట రాకుండా దరఖాస్తును రెండు దశలుగా పెట్టండి. మొదటి దశలో సంప్రదింపులు, ప్రశ్నావళి తయారీ. రెండో దశలో కొలత. మొదటి దశకు ఆమోదం వచ్చాక, గూడెంలో మారిన ప్రశ్నావళిని సవరణగా సంఘానికి పంపండి. మీ మూడేళ్ల గడువులో ఇది కొన్ని నెలలు తింటుంది కనుక మొదటి ఏడాదిలోనే కదలాలి. సంఘంలో వైద్యేతర సభ్యులు, సామాజిక శాస్త్రం తెలిసినవారు ఉంటారు. మీ పత్రాన్ని ముందుగా వారితో చర్చించండి, డాక్టర్లకంటే వారికి ఇది తొందరగా అర్థమవుతుంది.

సమాధానం: గూడెం నుంచి చదువుకున్నవాడు, ఆత్మకూరు

అక్కా, కంప్యూటరు ఎవరి ఇంట్లో పెడతారని పైన సార్ అడిగారు. కంప్యూటరు అవసరం లేదు సార్. మొత్తం లెక్కలు తెలుగులో, పెద్ద అక్షరాలతో, రెండు పేజీల్లో రాసి అటవీ హక్కుల కమిటీ ఉన్నచోట ఆ కమిటీ దస్త్రంలో ఒక ప్రతి, అంగన్‌వాడీలో ఒక ప్రతి ఉంచితే చాలు. రేపు కాన్పు బండి కోసం మేము కలెక్టరు గారికి అర్జీ పెట్టేటప్పుడు ఆ కాగితం జతచేస్తాము. ఇంతకాలం మా గురించిన లెక్కలు అందరి దగ్గరా ఉన్నాయి, అర్జీకి జతచేయడానికి మా దగ్గర తప్ప. అక్క రెండోసారి వచ్చేటప్పుడు ముందుగా ఇక్కడ రాస్తే, ఆడవాళ్లు అడవికి పోని రోజు ఏదో కనుక్కుని చెబుతాను.